చెదలు, వెనక గోడ నెర్రె, కొత్త పెయింటు: కర్నూలులో పాతిల్లు కొనేముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. కర్నూలులో హంద్రీ నది వైపు 4 సెంట్లలో కింద ఒకటి, పైన ఒకటి ఇల్లు. 2005లో కట్టామని ఓనరు మాట. మీరు 50 వేలు బయానా ఇచ్చేశారు. ఇంటికి కొత్తగా పెయింటు వేసి ఉంది. వెనక పడకగది ద్వారబంధం అడుగున చెదలు కనిపిస్తే ఆయన ‘మందు కొడితే పోతాయి’ అన్నాడు. అదే గది బయటి గోడకు కిటికీ మూల నుంచి ఏటవాలుగా నెర్రె ఉంటే ‘అది ప్లాస్టరింగ్ నెర్రె, ఏమీ కాదు’ అన్నాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ తమ్ముడేమో బిల్డింగ్, పెస్ట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు (కట్టడాన్నీ, చెదల్లాంటి పురుగుల్నీ చూసి రాసిచ్చేది) చేతికి రాకుండా డబ్బు కట్టొద్దంటున్నాడు. అలాంటిది మన దగ్గర దొరుకుతుందా, ఈ ఇల్లు తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను 26 ఏళ్లుగా కర్నూలు, కడప, అనంతపురం సైట్ల మీద తిరుగుతున్న సివిల్ ఇంజనీరుని. ఇల్లు చూడకుండా తీర్పు చెప్పను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఒక అనుమానం గట్టిగా ఉంది. చెదలు, నెర్రె ఒకే గదికి రావడం ఊరికే కాదు. ఆ వెనక గోడ పక్కన ఎక్కడో నీళ్లు నేలలోకి దిగుతున్నాయి. చెదలకు తడి కావాలి. కింద ఉన్నది నల్లరేగడి అయితే అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. కాబట్టి మందు గురించీ, ప్లాస్టరింగ్ గురించీ మాట్లాడే ముందు ఆ నీళ్లు ఎక్కడివో పట్టుకోవాలి.

మీ తమ్ముడి మాట గురించి. ఆస్ట్రేలియాలో దీనికి రెండు వేరువేరు ప్రమాణాలున్నాయి. కట్టడం చూడడానికి ఏఎస్ 4349.1, చెక్కను తినే వాటికి ఏఎస్ 4349.3. ఈ రెండోదాని కింద చెదలు, చెక్కను తొలిచే పుచ్చుపురుగులు, తేమకు చెక్క కుళ్లడం అన్నీ వస్తాయి. అక్కడ చాలా ఇళ్లకు అస్థిపంజరమే చెక్కది, అందుకని చెదలంటే వాళ్లకు ఇంటి ప్రాణం మీదికి వచ్చినట్టు. మనది ఇటుక, కాంక్రీటు. మన చెదలు ద్వారబంధాలు, కిటికీలు, గోడ బీరువాలు, అటక మీది పుస్తకాలు తింటాయి, స్లాబును తినవు. పాత చౌడు మిద్దెలైతే (మట్టి కప్పు ఇళ్లు) లెక్క వేరు. వాటికి చెక్క దూలాలు, దంతెలే ఆధారం. అలాంటి ఇంట్లో చెదలు కనబడితే నేను ముందు మనుషుల్ని బయటికి రమ్మంటాను. మీది స్లాబు ఇల్లు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

అక్కడి ఇన్‌స్పెక్షన్ కూడా పైపైన కంటితో చూసేదే. గోడలు పగలగొట్టరు, సామాను జరపరు. కానీ వాళ్ల రిపోర్టులో నాకు నచ్చే పని ఒకటుంది: ఏయే చోట్లు చూడలేకపోయారో, ఎందుకు చూడలేకపోయారో రాసి పెడతారు. మన ఇంజనీరు ఎవరు వచ్చి చూసినా ఆ ఒక్క పేజీ అడిగి రాయించుకోండి.

మరి మన దగ్గర ఎవరున్నారు? ఆ పేరుతో బోర్డు పెట్టుకున్నవాళ్లు పెద్ద నగరాల్లో ఉన్నారు. మనకు దొరికేది స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు, చెదల మందు కొట్టే లైసెన్సు ఉన్న సంస్థ ఒకటి. ఇద్దర్నీ వేరువేరుగా పిలవాలి. ఓనరు తెచ్చిన మనిషి వద్దు, మధ్యవర్తి చూపించిన మనిషి అసలే వద్దు. బ్యాంకు లోను పెడితే వాల్యుయర్ వస్తాడు గదా అంటారు. ఆయన పని ఇంటి విలువ బ్యాంకు ఇచ్చే అప్పుకు సరిపోతుందో లేదో చెప్పడం. ద్వారబంధంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడడు.

వాళ్లను పిలిచే ముందు మీరే ఒక ఆదివారం వెళ్లండి. టార్చి, స్క్రూడ్రైవరు, సుత్తి, సుద్దముక్క, పెన్సిలు, ప్లాస్టిక్ కవరు, పది రూపాయల బట్టల నీలిమందు చాలు. ఒక్కసారి కాదు, రెండుసార్లు వెళ్లండి. వాన పడిన మర్నాడు ఒకసారి, మామూలు ఎండరోజు ఒకసారి. కొత్త పెయింటు వాసన వస్తున్న ఇంటికి మరీ ముఖ్యం. పెయింటు వారానికి దాచినదాన్ని వాన ఒక్క రాత్రిలో బయటపెడుతుంది.

మొదట నీళ్లు. మీ వెనక గోడకు ఆనుకుని ఏముంది? పై బాత్రూం పైపులు దిగే చోటు అదేనా? సెప్టిక్ ట్యాంకు, మురుగునీటి ఛాంబరు అక్కడే ఉన్నాయా? ఛాంబరు మూత తీయించి, పై బాత్రూంలో రెండు బకెట్ల నీళ్లలో నీలిమందు కలిపి పోయించండి. ఆ నీలం నీళ్లు ఛాంబరులోకి ఎంతసేపటికి వచ్చాయి, ఎంత వచ్చాయి చూడండి. సగం కూడా రాకపోతే మిగతా సగం మీ పునాది తాగుతోంది. పైన ట్యాంకు రాత్రి నింపి, లోపల నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టి, కొళాయిలన్నీ కట్టి, పొద్దున చూడండి. గీత కిందికి జారితే పైపు ఎక్కడో కారుతోంది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఈ పరీక్ష మీకు సులువు.

ఆ గోడకు లోపలివైపు, నేలకు అడుగున్నర ఎత్తులో, అడుగు చదరం ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగు వైపులా టేపు గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవరు లోపలివైపు చెమట పట్టి ఉంటే తేమ గోడలోనుంచే వస్తోంది. ఇంత పనికి తేమ మీటరు కొనక్కర్లేదు.

ఇప్పుడు చెదలు. ద్వారబంధం ఒక్కటే చూసి ఆపకండి. పునాది గోడ మీద బయటినుంచి పెన్సిలంత మట్టి దారులు పైకి పాకి ఉంటాయి, కుండీల వెనక, మెట్ల కింద, మోటారు స్విచ్ పెట్టె వెనక చూడండి. వంటింట్లో కడప బండ అరల కింద టార్చి వేసి చూడండి. బండను చెద తినదు గానీ, బండకూ గోడకూ మధ్య సందును తోవగా వాడుకుని పైనున్న చెక్క బీరువాకు చేరుతుంది. స్విచ్చుబోర్డు ప్లేటు ఒకటి ఊడదీసి చూస్తే పైపులో మట్టి కనిపించినా ఆశ్చర్యపడకండి. ద్వారబంధాన్ని సుత్తి పిడితో కింది నుంచి పై దాకా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట స్క్రూడ్రైవరుతో నొక్కితే పెయింటు పొర కాగితంలా లోపలికి పోతుంది. కొత్తగా పెయింటు వేసిన ఫ్రేముల్లో నేను ఎక్కువసార్లు చూసింది ఇదే: పైన నున్నగా, లోపల అట్టముక్కలా.

చెద ఇంకా బతికుందా, పాతదా తెలియాలంటే మట్టి దారిని ఒక అంగుళం మేర గోకి వదిలేయండి. మూడు నాలుగు రోజుల తర్వాత ఆ తెగిన చోట మళ్లీ మట్టి మెత్తి ఉంటే పని నడుస్తోందని. ఈలోగా ఓనరు కిరోసిన్ పోస్తానంటే వద్దనండి. కిరోసిన్‌కు ఆ దారిలో ఉన్న పనిచెదలు చస్తాయి, భూమిలో ఉన్న గూడుకు ఏమీ కాదు. మీకు మాత్రం సాక్ష్యం పోతుంది. కిటికీ గట్టు మీదా, ట్యూబ్‌లైటు కిందా రాలిన రెక్కలు కనిపిస్తే అవి ఉసిళ్లవి. తొలకరికి బయటి నుంచి దీపానికి వచ్చేవి మామూలే. తలుపులు మూసి ఉన్న గదిలో గుట్టగా పడి ఉంటే మాత్రం గూడు ఇంటి అడుగునే ఉండొచ్చు.

‘మందు కొడితే పోతాయి’ అన్నది సగం నిజం. మందు ఎలా కొడతారన్నది మిగతా సగం. పైన పిచికారీ చేసి పోతే అది దోమల మందుతో సమానం. కట్టేసిన ఇంటికి చెదల మందు ఎలా కొట్టాలో భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. గోడా నేలా కలిసే చోట అడుగు అడుగుకూ 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, మందు నేలలోకి ఇంకేట్టు పోసి, సిమెంటుతో మూయాలి. బయట పునాది వెంబడి మట్టికి కూడా పట్టించాలి. ద్వారబంధాలకు ఏటవాలుగా చిన్న రంధ్రాలు వేసి లోపలికి ఎక్కించాలి. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ (ఈసీ, ఎస్‌సీ అన్నవి సీసా మీద ఉండే మందు రకాల గుర్తులు) అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ అయితే లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు, వాసన కూడా ఉండదు. సీసా మూత మీ ముందే తీయించండి, కొలత మీ ముందే కలపమనండి. డ్రిల్లింగు మిషను లేకుండా వచ్చినవాణ్ని గేటు దగ్గరే పంపించేయండి. 1968 పురుగుమందుల చట్టం కింద వాళ్లకు లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. సంపు ఆ గోడ పక్కనే ఉంటే అక్కడ మందు పోయించొద్దు. ఇంట్లో చెద పోయి నీళ్లలో విషం వస్తే ఏం లాభం.

గ్యారంటీ కాగితం కూడా చదవండి. నేను చూసిన కాగితాల్లో చాలావాటిలో ‘తేమ ఉన్నచోట వర్తించదు’ అని చిన్నక్షరాలతో ఒక లైను ఉంటుంది. మీ గోడకు ఉన్నదే తేమ.

ఒక సంగతి. అనంతపురంలో నా స్నేహితుడి ఇంట్లో మూడేళ్లలో మూడుసార్లు మందు కొట్టించారు, ప్రతి వానాకాలానికీ చెద తిరిగొచ్చేది. వాళ్లది ఎర్రనేల, నల్లరేగడి గొడవ లేదు. చివరికి మెట్ల కింద నేల తవ్విస్తే ఇల్లు కట్టినప్పటి సెంట్రింగ్ చెక్కలు, రెండు సర్వీ గుంజలు మట్టిలోనే పూడ్చి ఉన్నాయి. పైన ఉన్న కుళాయి నీళ్లు కారి వాటిని తడిపేవి. పన్నెండేళ్లుగా చెదలకు అన్నం, నీళ్లు రెండూ వాళ్లే పెట్టారు. చెక్కలు తీయించి, కుళాయి బాగుచేసి, ఒక్కసారి మందు కొడితే మళ్లీ రాలేదు. మీ ఇల్లు కట్టిన బేల్దారి (మేస్త్రీ) ఎవరో ఓనర్ని అడగండి, దొరికితే ఆయన్నే పిలవండి. ‘ఆ మూలన పాత బావి ఉన్నెడిది సార్, పూడ్చి కట్టినాం’ లాంటి మాట డాక్యుమెంట్లలో దొరకదు.

ఆ మాట మీ నెర్రెకు కూడా పనికొస్తుంది. నెర్రెలన్నీ ఒకటి కావు. పెయింటు మీద సాలెగూడులా ఉన్న వెంట్రుక నెర్రెలు ప్లాస్టరింగ్‌వే. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా గీత గీసినట్టు ఉండేది రెండు పదార్థాలు ఎండకు వేరువేరుగా కదలడం వల్ల. పై అంతస్తులో స్లాబు కింద అడ్డంగా పోయేది మన రాయలసీమ ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల, వికారంగా ఉంటుంది గానీ ప్రమాదం తక్కువ. మీరు రాసిన ఏటవాలు నెర్రె వీటిలో చేరదు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఇటుకల సందుల వెంట దిగుతుంటే, లోపలా బయటా ఒకే చోట కనిపిస్తుంటే, ఒక కొస వెడల్పుగా మరో కొస సన్నగా ఉంటే ఆ మూల పునాది కుంగిందని అర్థం. ద్వారబంధం పైన కూడా గోడ పక్కకు జరిగిందా, తలుపు కింద గీసుకుంటోందా చూడండి. తలుపు అంచు ఈమధ్యే చిత్రిక పట్టి ఉంటే ఓనరుకు ఈ సంగతి ముందే తెలుసు.

మట్టి ఏదో తెలుసుకోవడానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు. పక్కన ఖాళీ ప్లాటు ఉంటే చూడండి. వేసవిలో నేల నోరు తెరిచి పాదం దిగేంత నెర్రెలిస్తుందా? అయితే నల్లరేగడే. కర్నూలు, నంద్యాల, ఆదోని చుట్టుపక్కల ఇది మనకు కొత్త కాదు. అలాంటి నేలలో పునాది గట్టి పొర దాకా దింపాలి, లేదా రేగడి తీసి గ్రావెల్ నింపాలి, లేదా అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. 2005లో 4 సెంట్ల ఇంటికి ఎంతమంది అంత చేశారో మీకూ నాకూ తెలుసు. ఇక్కడే బయటి నీళ్లు కీలకం. ఇల్లంతా ఒకేలా తడిసి ఒకేలా ఎండితే గోడకు పెద్ద బాధ లేదు. ఒక్క మూల ఏడాదంతా తడుస్తూ మిగతాది ఎండుతుంటేనే గోడ చీలుతుంది.

నెర్రె ఇంకా నడుస్తోందా ఆగిందా తేల్చడానికి పాత పద్ధతే మంచిది. నెర్రెకు అటూ ఇటూ పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టి మధ్య దూరం కొలిచి, పక్కనే తేదీ రాయండి. ఒక సన్నటి గాజుముక్కను నెర్రె మీద అడ్డంగా సిమెంటుతో అంటించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. అసలైతే ఒక వేసవి, ఒక వానాకాలం చూడాలి. అంత గడువు ఏ ఓనరూ ఇవ్వడు. రెండు నెలలైనా అడగండి.

హంద్రీ దగ్గర అన్నారు కాబట్టి 2009 అక్టోబరు వరద గురించి చుట్టుపక్కల అడగకుండా ఉండొద్దు. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచిన రోజులవి. మీ ఇల్లు నిజంగా 2005దైతే ఆ నీళ్లు చూసే ఉంటుంది. ఎదురింటి పెద్దామెను అడిగితే నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తుంది. వరదలో మునిగినంత మాత్రాన ఇటుకా కాంక్రీటూ చెడిపోవు, ఆరిపోతాయి. చూడాల్సింది నేల. పునాది గోడల మధ్య నింపిన మట్టి కొట్టుకుపోయి ఉంటే బేతంచెర్ల బండలైనా టైల్సైనా కింద డొల్లగా మోగుతాయి. సుత్తి పిడితో గది గదికీ తట్టండి. అనంతపురంలో నడిమివంక, కడపలో బుగ్గవంక ఒడ్డున కొనేవాళ్లకూ ఇదే మాట.

స్లాబు విషయంలో నా సొంత తప్పు చెప్తాను. 2011లో మా అక్కవాళ్లు కడపలో ఇల్లు కొంటుంటే నన్ను తీసుకుపోయారు. హాల్లో అందమైన పీఓపీ సీలింగు. ఒక పలక విప్పి చూద్దామా అని నోటిదాకా వచ్చింది, ఓనరు కాఫీ ఇస్తున్నాడు, మొహమాటపడ్డాను. బావ ముందు ఇంజనీరులా తల ఊపి వచ్చాను. రెండో వానాకాలానికి సీలింగు తడిసి వంగింది, విప్పితే పైన స్లాబు పెచ్చులు ఊడి కమ్మీలు చీపురుపుల్లల్లా ఉన్నాయి. పైన ట్యాంకు ఏళ్ల తరబడి పొర్లి ఆ చోటే నిలిచేది. దానికి తోడు ఉప్పుబోరు నీళ్లతో కట్టిన కాంక్రీటు. బావ నన్ను ఒక్క మాట అనలేదు, అక్క మాత్రం ఇప్పటికీ అంటుంది. కాబట్టి పీఓపీ ఉంటే ఒక లైటు ఊడదీసైనా లోపలికి టార్చి వేయండి. బాత్రూం అడుగు భాగం, సన్‌షేడ్లు, బాల్కనీ కింద తుప్పు రంగు గీతలు వరసగా కనిపిస్తే అవి కమ్మీల వరసలు. ఐఎస్ 456 ప్రకారం కమ్మీ మీద కాంక్రీటు మందం స్లాబుకు కనీసం 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40 ఉండాలి. ఊడిన పెచ్చు మందం స్కేలుతో కొలిస్తే బేల్దారి ఎంత పెట్టాడో తెలిసిపోతుంది. అనుమానం ఉంటే కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయించవచ్చు. కాంక్రీటును కొంచెం తాజాగా చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే మంచిగా ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది, క్షారం పోయిన చోట రంగు రాదు. రంగు రాని పొర కమ్మీ దాకా పోయి ఉంటే తుప్పు మొదలైనట్టే లెక్క. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో ఈ పరికరాలుంటాయి, అడిగి చూడండి.

పై అంతస్తు ఎప్పటిదో కూడా తేల్చుకోండి. కింద ఒక్కదానికే పునాది వేసి పదేళ్ల తర్వాత పైన కట్టినవి బోలెడు. ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) ఇది కనిపించదు. ఇంటిపన్ను రసీదుల్లో పన్ను ఏ ఏడాది పెరిగిందో, రెండో కరెంటు మీటరు ఎప్పుడు వచ్చిందో చూస్తే తెలుస్తుంది. ప్లాను అప్రూవల్ కాపీ అడగండి. కింద 2005, పైన 2016 అని తేలితే ఆ నెర్రెకు ఇంకో కారణం దొరికినట్టు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. కానీ మీ చెదలూ నెర్రె మీ కంటపడ్డాయి. రేపు కోర్టులో ‘నాకు తెలియదు’ అనలేరు. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం)లో ఉన్న 5 ఏళ్ల నిర్మాణ లోపాల బాధ్యత బిల్డరు దగ్గర కొత్తగా కొన్న వాటికి, మీకు రాదు. మీకున్న బలమల్లా అగ్రిమెంటు కాగితమే. బయానాకు రాసుకున్న దాంట్లో ఏముందో చూసి, లేకపోతే ఇప్పుడైనా ఒక షరతు చేర్పించండి: ఇంజనీరు, పెస్ట్ కంట్రోల్ వాళ్లు చూడడానికి ఓనరు ఒప్పుకోవాలి, పునాది కుంగినట్టు రాతపూర్వకంగా తేలితే బయానా తిరిగివ్వాలి. దానికి ఒప్పుకోని ఓనరు మీకు రిపోర్టు ముందే ఇచ్చేసినట్టు. ఆ 50 వేలు పోతాయని భయపడి మిగతా లక్షలు కట్టకండి.

నేనైతే ఏం చేస్తానంటే, నీలిమందు పరీక్షలో పైపు దొరికి, గాజుముక్క రెండు నెలలు పగలకుండా ఉంటే ఇల్లు తీసుకుంటాను. పైపు మరమ్మతు, ద్వారబంధాల మార్పు, డ్రిల్లింగుతో చెదల మందు, ఆ మూల చుట్టూ వాన నీళ్లు దిగకుండా మూడడుగుల గచ్చు, వీటి ఖర్చు ఇద్దరు మనుషుల దగ్గర రాయించి ధరలోంచి తగ్గించమంటాను. పనులు కూడా ఇదే వరసలో. ముందు మందు కొట్టించి తర్వాత పైపు తవ్వితే మందు పట్టిన మట్టి ఎత్తిపోసినట్టే. గాజు పగిలితే మాత్రం ఇంజనీరు గుంత తవ్వించి పునాది చూసేదాకా ధర మాట ఎత్తను.

ఈలోగా ఒక పని చేయండి. ఆ నెర్రె పక్కన రూపాయి బిళ్ల పెట్టి, లోపలి వైపుది ఒకటి, బయటి వైపుది ఒకటి, మొత్తం గోడ కనిపించేలా దూరం నుంచి ఒకటి ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి. వెడల్పు కొస పైన ఉందా కింద ఉందా కనిపిస్తే ఏ మూల కుంగిందో చెప్పగలను.